ప్రాజెక్టు డైరీ: థ్రాటిల్ సెన్సర్‌ను ముందు తిప్పి, తర్వాత కొలిచాను

బండిది పాత పెట్రోల్ ఇంజిన్. యాక్సిలరేటర్ తొక్కితే కేబుల్ లాగుతుంది, కేబుల్ ఒక లివర్‌ను తిప్పి థ్రాటిల్ రేకును, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని మూతను తెరుస్తుంది. ఆ రేకు ఇరుసు చివర చిన్న నల్ల డబ్బా ఉంటుంది, అదే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. లోపల ఉన్నది పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పే పరికరం లాంటిదే. మూడు వైర్లు: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్. రేకు మూసి ఉంటే సిగ్నల్ అర వోల్టు దగ్గర, పూర్తిగా తెరిస్తే నాలుగున్నర దగ్గర ఉంటుంది. సెన్సర్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూల రంధ్రాలు కోలగా ఉంటాయి కాబట్టి వదులు చేసి కొద్దిగా అటూ ఇటూ తిప్పొచ్చు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ బదులు మోటారు రేకును తిప్పేది) ఉన్న బండి వాళ్లు ఈ డైరీని అనుసరించొద్దు. అందులో సెన్సర్ థ్రాటిల్ బాడీలోనే (రేకు ఉండే లోహపు భాగం) ఇమిడి ఉంటుంది, తిప్పి సెట్ చేసే వీలు ఉండదు. పైగా కీ ఆన్‌లో ఉండగా రేకు దగ్గర వేలు పెడితే మోటారు నొక్కేస్తుంది.

బండి బాధలు మూడు. ఐడిల్, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 750 చుట్లు ఉండాల్సింది 1,150 దగ్గర నిలబడుతోంది. కాలు తీశాక ఇంజిన్ వేగం వెంటనే దిగడం లేదు. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంలో పెడల్‌ను తేలిగ్గా తొక్కి ఉంచితే బండి జర్క్ ఇస్తోంది. స్కానర్‌లో (బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే పరికరం) పీ0121 కోడ్ ఉంది. థ్రాటిల్ సిగ్నల్ మిగతా లెక్కలతో పొసగడం లేదని దాని అర్థం. సెన్సర్ పాడైందని ఆ కోడ్ చెప్పదు. నేను మాత్రం అలాగే చదువుకున్నాను.

## దశ 1: తప్పు చోట నల్ల ప్రోబ్

కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. కనెక్టర్ పీకకుండా దాని వెనక నుంచి, రబ్బరు సీలు పక్కగా సన్నటి పిన్ను దూర్చి కొలిచాను. వైరు తొడుగుకు సూది గుచ్చి కొలవొద్దు. ఆ చిల్లులోంచి తేమ దిగి, కొన్నాళ్లకు లోపలి రాగి పచ్చబడి పొడి రాలిపోతుంది.

మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు తగిలించాను. వచ్చిన రీడింగులు:

- సరఫరా వైరు: 5.13 వోల్టులు
- సిగ్నల్, రేకు మూసి: 0.71
- సిగ్నల్, లివర్‌ను చేత్తో పూర్తిగా తిప్పి: 4.60

మా బండి మాన్యువల్‌లో మూసినప్పుడు 0.45 నుంచి 0.55 మధ్య ఉండాలని ఉంది. 0.71 చూడగానే దొంగ దొరికాడనిపించింది. సరఫరా 5.13 ఎందుకు ఉందని అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, సెన్సర్ సిగ్నల్ వెళ్లేది దానికే) ఇచ్చే 5 వోల్టులు చాలా కచ్చితంగా ఉంటాయి, 0.13 ఎక్కువ చూపించడం మామూలు విషయం కాదు. ఆ అంకెను కాగితం మీద రాసి కూడా పట్టించుకోలేదు.

స్క్రూలు విప్పడం దగ్గర గంట పోయింది. ఏళ్ల తరబడి వేడికి అవి అల్యూమినియంలో పట్టేసి ఉన్నాయి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మొదటి స్క్రూ తల అరగడం మొదలైంది. ఆపి, ఆ గాడికి బిగుతుగా కూర్చునే బిట్ వెతికి, చేతి ఇంపాక్ట్ డ్రైవర్ మీద సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేస్తే వదిలింది. గట్టిగా కొడితే థ్రాటిల్ బాడీ చెవి విరిగే ప్రమాదం ఉంది, తొందర వద్దు.

ఒక్క మంచి పని మాత్రం చేశాను. విప్పే ముందు సెన్సర్ మీద నుంచి థ్రాటిల్ బాడీ మీదకు సూదిమొనతో ఒక గీత గీశాను. దీని విలువ నాలుగో దశలో తెలిసింది.

సెన్సర్‌ను తిప్పి మీటర్‌లో 0.50 తెప్పించి బిగించాను. ఐడిల్ 800కు దిగింది. రోడ్డెక్కితే పెడల్ ముట్టుకోగానే ఇంజిన్ ఒక్క క్షణం మునిగిపోయి అప్పుడు అందుకుంటోంది. కూడలిలో ఆగి బయల్దేరేటప్పుడు రెండుసార్లు ఆగిపోయింది కూడా. జర్క్ ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పటివరకు: 2 గంటలు. స్క్రూలు విప్పింది 1 సారి. తగ్గిన బాధ ఒకటి, కొత్తగా వచ్చింది ఒకటి.

## దశ 2: ఎర్త్

5.13 సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర ప్రోబ్‌ను సెన్సర్ ఎర్త్ వైరుకు, నల్లదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూశాను. రెండూ ఎర్తే కాబట్టి సున్నాకు దగ్గరగా ఉండాలి.

- కీ ఆన్, ఇంజిన్ ఆఫ్: 0.14 వోల్టులు
- ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ ఆన్: 0.22

సెన్సర్ ఎర్త్ ఈసీయూ గుండా వెళ్లి ఇంజిన్ మీది ఒక బోల్టు దగ్గర కలుస్తుంది. ఆ బోల్టు దగ్గర నిరోధం పెరిగితే ఈసీయూ ఎర్త్ మొత్తం బ్యాటరీ నెగటివ్ కన్నా 0.14 పైకి లేచి కూర్చుంటుంది. ఈసీయూ సిగ్నల్‌ను తన ఎర్త్‌తో పోల్చి చూస్తుంది, బ్యాటరీతో కాదు. అంటే నాకు 0.71 కనిపించినప్పుడు ఈసీయూకు కనిపించింది 0.57. నేను 0.50 అని సెట్ చేసినప్పుడు దానికి అందింది 0.36. పెడల్ కొద్దిగా తొక్కినా ఇంకా ఐడిల్‌లోనే ఉన్నాననుకుని పెట్రోల్ పెంచలేదు. బండి మునిగింది అందుకే.

కాబట్టి ఈ పని చేసేటప్పుడు నల్ల ప్రోబ్ సెన్సర్ ఎర్త్ వైరు మీదే ఉండాలి. బ్యాటరీ నెగటివ్ మీద పెట్టేది ఎర్త్ బాగుందో లేదో చూడటానికి మాత్రమే.

1. బ్యాటరీ నెగటివ్ తీసేశాను.
2. ఎర్త్ బోల్టు విప్పాను. కింద రింగ్ టెర్మినల్ మీద తెల్లటి బూజులాంటి పొర, దాని కింద బూడిద రంగు మచ్చ ఉన్నాయి.
3. రింగ్ రెండు వైపులా, అది ఆనే చోటా ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దాను.
4. బిగించి, పైన మాత్రమే పల్చగా గ్రీజు పూశాను.

తర్వాత అవే కొలతలు 0.01, 0.02. సరఫరా వైరు 4.99.

జర్క్ తగ్గలేదు. తగ్గుతుందని ఆశ పడ్డాను కానీ, సెన్సర్ సరఫరా, ఎర్త్ రెండూ కలిసే పైకి లేచాయి కాబట్టి ఈసీయూకు అందే లెక్క పెద్దగా మారదు. ఈ దశ వల్ల వచ్చిన లాభం నా మీటర్ చెప్పేది నమ్మగలగడం.

ఇప్పటివరకు: మూడున్నర గంటలు.

## దశ 3: రేకు నిజంగా మూసుకుంటోందా?

గాలి గొట్టం తీసి టార్చి వేసి చూస్తే రేకు అంచు చుట్టూ నల్లటి కార్బన్ ఉంగరం ఉంది. రేకు దాని మీద ఆని ఆగుతోంది, స్టాప్ స్క్రూ (మూసుకున్నప్పుడు లివర్ ఆనాల్సిన స్క్రూ) దాకా వెళ్లడం లేదు. లివర్‌కూ స్టాప్ స్క్రూకూ మధ్య పల్చటి కాగితం ముక్క సులువుగా దూరింది.

థ్రాటిల్ క్లీనర్‌ను మొదట నేరుగా కొట్టాను. అది తప్పు. ద్రవం ఇరుసు వెంట పాకి సెన్సర్‌లోకి దిగుతుంది. రెండు సార్లు కొట్టాక గమనించి ఆపి, గుడ్డను తడిపి తుడిచాను. మూల చోట్లకు పాత టూత్ బ్రష్ వాడాను.

శుభ్రం చేశాక మూసిన రీడింగ్ 0.36 నుంచి 0.31కి పడింది. అంటే ఆ కార్బన్ ఒక్కటే 0.05 వోల్టుల తేడా తెచ్చింది.

స్టాప్ స్క్రూను ముట్టుకోలేదు. దాని మీద ఫ్యాక్టరీ రంగు చుక్క చెక్కుచెదరకుండా ఉంది. వోల్టేజీ తెప్పించడానికి ఆ స్క్రూ తిప్పితే రేకు మూసుకునే చోటే మారిపోతుంది. ఆ తర్వాత చేసే ప్రతి కొలతకూ పునాది పోయినట్టే.

ఇప్పటివరకు: 5 గంటలు.

## దశ 4: ఈసారి సరైన సెట్టింగ్

నల్ల ప్రోబ్ సెన్సర్ ఎర్త్ మీద, ఎర్రది సిగ్నల్ మీద పెట్టి, రెంటినీ టేపుతో అంటించి చేతులు ఖాళీ చేసుకున్నాను. 0.50 తెప్పించి స్క్రూలు బిగిస్తే 0.55 అయింది. విప్పి మళ్లీ చేస్తే 0.56. స్క్రూ తల తిరుగుతూ సెన్సర్‌ను కూడా తనతో లాగుతోంది. కుదిరిన పద్ధతి ఇది:

1. రెండు స్క్రూలనూ సెన్సర్ చేతి బలంతో మాత్రమే కదిలేంత బిగుతుగా ఉంచాలి. పూర్తి వదులుగా ఉంటే సెట్టింగ్ నిలవదు.
2. అనుకున్న అంకె కన్నా 0.03 తక్కువ పెట్టాలి. నేను 0.47 పెట్టాను.
3. ఒక స్క్రూ పావు చుట్టు, రెండో స్క్రూ పావు చుట్టు, ఇలా మార్చి మార్చి బిగించాలి. బిగిస్తున్నంత సేపూ రెండో చేత్తో సెన్సర్‌ను కదలకుండా పట్టుకోవాలి.
4. లివర్‌ను తెరిచి టప్పున వదలాలి, పది సార్లు. ప్రతిసారీ రీడింగ్ రాసుకోవాలి.

నాలుగో ప్రయత్నంలో నిలిచింది. పది రీడింగుల్లో ఎనిమిది 0.51, రెండు 0.52.

అప్పుడు సెన్సర్ మీద టార్చి వేసి చూశాను. మొదటి రోజు గీసిన గీత రెండు ముక్కలూ దాదాపు ఒకే వరుసలోకి వచ్చాయి, వెంట్రుక వాసి తేడా. లెక్క వేస్తే నిజమే: మొదట ఉన్న 0.57లోంచి కార్బన్ వల్ల వచ్చిన 0.05 తీసేస్తే 0.52. సెన్సర్ ముందు నుంచీ సరైన చోటే ఉంది. ఎర్త్ చూసి, కార్బన్ తుడిచి ఉంటే దాన్ని కదపాల్సిన అవసరమే లేదు. చాలా సేపు ఆ గీతను చూస్తూ ఉండిపోయాను.

నాలుగు వైర్ల సెన్సర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ నాలుగోది సాధారణంగా ఐడిల్ స్విచ్. లివర్‌కూ స్టాప్ స్క్రూకూ మధ్య ఫీలర్ గేజ్ (వేర్వేరు మందాల లోహపు రేకుల కట్ట) దూర్చి, గేజ్‌లోని సన్న రేకుకు స్విచ్ కలవాలి, మందపాటి దానికి విడిపోవాలి అనే పద్ధతిలో సెట్ చేస్తారు. గేజ్ రేకుల మందం బండిని బట్టి మారుతుంది, మీ మాన్యువల్ అంకెలే వాడండి.

పూర్తి తెరుపు కొలవడానికి తమ్ముణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. చేత్తో లివర్ తిప్పితే 4.45 వస్తోంది. వాడు పెడల్ తొక్కితే 3.87.

"ఇంకా తొక్కరా."

"అన్నా, ఇంతకంటే కిందికి పోవట్లేదు. కింద ఏదో మెత్తగా అడ్డం వస్తోంది."

ఫ్లోర్ మ్యాట్. తీస్తే 4.02 అయింది. కేబుల్ లివర్ దగ్గర వేలితో నొక్కితే 12 మిల్లీమీటర్లు వదులుగా ఆడుతోంది. సర్దుబాటు నట్టుతో బిగించి 3 మిల్లీమీటర్లకు తెచ్చాను, 4.41 వచ్చింది. ఇంకా బిగించి 4.45 తెప్పించబోతే మూసిన రీడింగ్ 0.54కు లేచింది. అంటే కేబుల్ రేకును మూసుకోనివ్వడం లేదు. వెనక్కి తిప్పి 4.41 దగ్గరే ఆపాను. ఇంత కాలం ఈ ఇంజిన్‌కు పూర్తి తెరుపే అందలేదు.

స్కానర్‌లో మూసినప్పుడు థ్రాటిల్ 10 శాతం, పూర్తిగా తొక్కినప్పుడు 88 శాతం చూపించింది. సున్నా, నూరు రాలేదని కంగారు పడొద్దు. 5 వోల్టుల్లో 0.51 ఎంతో, 4.41 ఎంతో లెక్క కడితే అవే వస్తాయి.

ఇప్పటివరకు: 7 గంటలు. స్క్రూలు విప్పింది 5 సార్లు. ఐడిల్ 780. పికప్ బాగుంది. జర్క్ అలాగే ఉంది.

## దశ 5: ముల్లు పడిపోయిన చోటు

లివర్‌ను మెల్లగా తెరుస్తూ డిజిటల్ మీటర్ చూశాను. 0.51, 0.74, 0.98, 1.22... చక్కగా పెరుగుతోంది. ఎక్కడా తేడా లేదు. స్కానర్‌లో గ్రాఫ్ కూడా నున్నగానే ఉంది.

మామూలు డిజిటల్ మీటర్ సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది. పాత బండ్లలో స్కానర్ కూడా అంతే నెమ్మది. సెకనులో వందో వంతు సేపు సిగ్నల్ తెగితే రెంటికీ తెలియదు. ఈసీయూకు తెలుస్తుంది. ఓసిలోస్కోప్ (వోల్టేజీలో క్షణాల మార్పును గీసి చూపే పరికరం) లేదు కాబట్టి పాత ముల్లు మీటర్ బయటికి తీశాను, 10 వోల్టుల రేంజిలో పెట్టాను.

లివర్‌ను ఒక వేలితో పట్టుకుని, మూసిన చోటు నుంచి పూర్తి తెరుపుకు పది సెకన్లు పట్టేలా కదిపాను. ముల్లు నీళ్లలో తేలుతున్నట్టు పైకి వెళ్తోంది. 1 వోల్టు గీత దాటబోతూ ఒక్కసారి వెనక్కి ఉలిక్కిపడింది. ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ కదిపాను. అదే చోట మళ్లీ. వేలిని అక్కడే ఆపి ఉంచితే ముల్లు సన్నగా వణుకుతోంది. డిజిటల్ మీటర్‌లో అదే సమయంలో 0.98 అని కదలకుండా నిలబడి ఉంది.

ఇరవై సార్లు తెరిచి మూశాను. పదిహేడు సార్లు 0.95, 1.10 మధ్యే పడిపోయింది. మిగతా నడక అంతా శుభ్రం. మొత్తం తెరుపులో ఇది 12 శాతం దగ్గర, అంటే నిలకడ వేగంలో పెడల్ ఎక్కువ సేపు ఉండే చోటు. రోడ్డు మీద జర్క్ వచ్చేది సరిగ్గా అక్కడే.

నిర్ధారణకు కనెక్టర్ పీకి ఓమ్స్‌లో చూశాను. కనెక్టర్ పెట్టి ఉండగా ఓమ్స్ కొలవొద్దు, ఈసీయూ కూడా లెక్కలో కలిసి అంకె తప్పొస్తుంది. సరఫరా, ఎర్త్ పిన్నుల మధ్య 4.8 కిలో ఓమ్స్, అది ఎప్పుడూ మారదు, మారకూడదు. సిగ్నల్, ఎర్త్ మధ్య చూస్తే ఆ చోట ముల్లు అనంతం వైపు దూకింది. లోపలి పట్టీ అరిగింది. అరిగిన పట్టీని ఎటు తిప్పినా బాగుపడదు, గుంత పెడల్ కింద కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది, అంతే.

ఇప్పటివరకు: ఎనిమిదిన్నర గంటలు.

## దశ 6: కొత్త సెన్సర్

బిగించే ముందు కొత్తదాన్ని చేతిలోనే ముల్లు మీటర్‌తో ఇరవై సార్లు తిప్పి చూశాను. ఒక్కసారి కూడా పడలేదు.

మొదటి బిగింపు తప్పింది. థ్రాటిల్ ఇరుసు చివర చదునైన నాలుక ఉంటుంది, సెన్సర్ లోపల దాన్ని పట్టుకునే కొక్కెం ఉంటుంది. సెన్సర్‌ను తిన్నగా పెట్టి స్క్రూలు ఎక్కించాను. రీడింగ్ 0.68 దగ్గర నిలిచిపోయింది, లివర్ తిప్పినా కదల్లేదు. కొక్కెం నాలుకకు అవతల పక్కన పడింది. బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ కొక్కెం విరిగేది.

1. సెన్సర్‌ను బిగించే స్థానానికి కొంత పక్కకు వంచి ఇరుసు మీద పెట్టాలి.
2. స్ప్రింగ్ ఎదురుతోస్తున్నట్టు చేతికి తెలియాలి. తెలియకపోతే కొక్కెం పట్టలేదని అర్థం.
3. ఆ ఒత్తిడి మీదే తిప్పి స్క్రూ రంధ్రాలు కలపాలి.
4. స్క్రూలు బిగించకముందే లివర్ తెరిచి మూసి, రీడింగ్ కదులుతోందా, లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడాలి.

తల అరిగిన స్క్రూ స్థానంలో కొత్తది వేశాను. నాలుగో దశ పద్ధతిలోనే సెట్ చేస్తే మూసి 0.50, చేత్తో తెరిచి 4.44, పెడల్‌తో 4.41. కోడ్ చెరిపి, బ్యాటరీ నెగటివ్‌ను పదిహేను నిమిషాలు తీసి ఉంచాను. తర్వాత పెడల్ ముట్టకుండా పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేశాను, ఈసీయూ ఐడిల్ లెక్క కొత్తగా నేర్చుకోవడానికి. ఐడిల్ 760 దగ్గర కుదురుకుంది.

పాత సెన్సర్‌ను రంపంతో కోసి విప్పాను. పలక మీద వంపు తిరిగిన నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జారే దువ్వెన పళ్లలాంటి సన్నటి రాగి వేళ్లు. పట్టీ అంతా మసక నలుపే కానీ, మొదలు నుంచి కొద్ది దూరంలో గోరు వెడల్పున మెరుస్తున్న బూడిద రంగు మచ్చ ఉంది. ఆ మచ్చలో వేళ్లు గీసిన గాళ్లు, గాళ్ల అంచున నల్లటి పొడి. ఆ చోట వేలితో తడిమితే పల్లం తెలుస్తోంది.

ఇప్పటివరకు: పదిన్నర గంటలు. స్క్రూలు విప్పింది 7 సార్లు.

## దశ 7: వేడి మీద, రోడ్డు మీద

నలభై నిమిషాలు నడిపి వచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగానే కొలిచాను. మూసిన రీడింగ్ 0.53, చల్లారాక మళ్లీ 0.50. హద్దు 0.55 కాబట్టి ఫర్వాలేదు. చల్లటి ఇంజిన్ మీద 0.54 పెట్టుకుని ఉంటే వేడెక్కగానే హద్దు దాటేది, ఐడిల్ మళ్లీ పైకి లేచేది. హద్దుల మధ్యలో పెట్టడం అందుకే.

- 100 కిలోమీటర్ల తర్వాత: 0.50, జర్క్ లేదు, కోడ్ లేదు.
- 600 కిలోమీటర్ల తర్వాత: 0.50, ముల్లు మీటర్‌తో ఇరవై సార్లు, ఒక్క పడిపోవడం లేదు. సెన్సర్ ఎర్త్ దగ్గర 0.01.

ఆ చివరి కొలతల రోజే లివర్ దగ్గర కేబుల్ పోగులు రెండు తెగి విడిపోయి కనిపించాయి. బహుశా ఆ 12 మిల్లీమీటర్ల వదులుతో ఏళ్ల తరబడి గాడి అంచుకు ఒరుసుకుని ఉంటుంది. మొత్తం పదకొండున్నర గంటలు. కేబుల్ మార్చాక మూసిన రీడింగ్, పెడల్ రీడింగ్ మళ్లీ తీసి ఇక్కడే కింద రాస్తాను.